మహిళల కాలమ్ నింపిన మహాతల్లి

గుట్టను పిండి చేయాలంటే మందుగుండు కావాలి, ఏనుగంత మిషన్లు కావాలి అని మీరు అనుకుంటూ ఉంటారు. అక్కర్లేదు. మూడో తరగతి చదువు, పిడికెడు పిసినారితనం, పెనం అడుగున మసి, ఈ మూడూ చాలు. వాటితోనే నేను ఒక గుట్టను కూల్చాను, ఒక బావిని ఎండగట్టాను, పట్నంలో కూర్చున్న సర్కారు చేత ఒక నిబంధనను మార్పించాను. ఎలాగో చెబుతాను, వినండి. మధ్యలో నవ్వొస్తే ఆపుకోకండి. నన్ను చూసి నవ్వేవాళ్ల వరుస మా ఊళ్లో ఇప్పటికే చాలా పొడుగుంది, మీరు చివర నిలబడితే సరిపోతుంది.

జూలూరుపాడు దాటి అడవి వైపు వస్తే మాలాంటి ఊళ్లు చాలా తగులుతాయి. మాది అందులో ఏదో చెప్పను. చెబితే మా వాళ్లు మళ్లీ మొదలుపెడతారు. ఊళ్లో నన్ను పొదుపు సత్తెమ్మ అంటారు. నా ముందర అంటే అది మహిళా సంఘం లీడరుకు ఇచ్చే గౌరవం, నా వెనకాల అంటే తిట్టు. వాళ్ల తప్పేం లేదు. నేను పెళ్లి పత్రికల వెనక మందుల పేర్లు రాసుకునే మనిషిని. కళ్లజోడు కూడా కొన్నది కాదు, మా అత్తగారు పోతూ పోతూ వదిలిపోయినది. ఆమె కళ్లకు కుదిరింది కోడలి కళ్లకు కుదరదా అని నా లెక్క. దానిలోంచి చూస్తే పెద్ద అక్షరాలు పెద్దగానే కనిపిస్తాయి, చిన్న అక్షరాలు మాత్రం బియ్యంలో పురుగుల్లా పాకుతుంటాయి. పురుగుల్ని చదివేదెవరు?

ఇక మా ఆడబిడ్డ లచ్చమ్మ సంగతి. మొగుడు పోయినప్పటి నుంచి ఆమెకు ఉన్నదల్లా గుట్ట కింద ఎకరం చెలక, అందులో ఒక బావి. బీర, వంకాయ, కొత్తిమీర పండించి సంతలో అమ్ముకుని బతికేది. గుట్ట మీద పడిన వాన రాతి సందుల్లోంచి మెల్లగా ఊరి ఆ బావిలోకి దిగేది. ఊళ్లో బోర్లన్నీ గాలి కక్కే ఎండల్లో కూడా లచ్చమ్మ బావిలో బొక్కెన మునిగేది. ఆ బావి ఉంటే లచ్చమ్మ ఉన్నట్టు. అంతే సంగతి.

ఆ గుట్ట మీద కంకర మిల్లుల వాళ్ల కన్ను పడింది. కానీ ఇళ్లకూ బావులకూ ఇంత దూరం లోపల కొండలు పేల్చకూడదు, మిల్లు పెట్టకూడదు అని సర్కారు నిబంధన ఒకటి అడ్డం ఉంది. మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? నిబంధన ఉందని ఇంకో గుట్ట వెతుక్కుంటాం. వాళ్లు గుట్టను మార్చుకోలేదు, నిబంధననే మార్చాలని పూనుకున్నారు. మిల్లుల యజమానులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. మాదీ సంఘమే, వాళ్లదీ సంఘమే. మా సంఘానికి ఒక రేకుల షెడ్డు, వాళ్ల సంఘానికి పట్నంలో ఒక ఏసీ ఆఫీసు. నిబంధనలో ఉన్న దూరాన్ని సగానికి తగ్గించాలని వాళ్లు సర్కారుకు అర్జీ మీద అర్జీ పెడితే, జనం ఏమంటారో వింటామని సర్కారు మండలంలో ఒక సభ పెట్టింది. దూరం తగ్గితే గుట్ట పోతుంది, గుట్టతో పాటు లచ్చమ్మ బావి పోతుంది. తగ్గకపోతే రెండూ ఉంటాయి.

సభకు పదిహేను రోజుల ముందు మా షెడ్డు దగ్గర తెల్ల కారు ఆగింది. ఇస్త్రీ మడత నలగని మనిషి ఒకాయన దిగి, రెండు చేతులూ జోడించి, "అమ్మా, నమస్కారం. నా పేరు ప్రసాద్. సంఘం లైజన్ ఆఫీసర్ని" అన్నాడు. ఆఫీసర్ అన్న మాట చెవిలో పడగానే మా ఆడవాళ్లంతా కొంగులు సర్దుకుని లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. నిజం ఒప్పుకోవాలి కదా.

"లైసెన్సాఫీసరా సారూ మీరు? ఏ డిపాటుమెంటు?" అని అడిగాను.

"లైసెన్సు కాదమ్మా, లైజన్. ప్రభుత్వానికీ మా సంఘానికీ మధ్యలో వారధి లాంటివాణ్ణి అనుకోండి."

"వారధా? మరి దాని మీదికెల్లి మా ఎడ్లబండి గూడ పోతదా సారూ?"

ఆయన ఏమీ నొచ్చుకోలేదు. ఆ జాతి మనుషులు నొచ్చుకోరు. నిండా నవ్వి, "భలేవారమ్మా మీరు. మీ కోసమే వచ్చాను. కంకర వస్తే రోడ్లు వస్తాయి, రోడ్లు వస్తే బస్సులు వస్తాయి" అన్నాడు.

"బాయి ఎండితే నీళ్లు కూడ బస్సుల వస్తయా?" అని లచ్చమ్మ అందుకుంది.

"అలా అనుకోకూడదమ్మా. ముందు ఈ కాగితాలు తీరిగ్గా చదువుకోండి. వారం తర్వాత మా వాళ్లు వచ్చి తీసుకెళ్తారు" అని ఒక కట్ట కాగితాలు, మనిషికో బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. తీసుకెళ్తారు అన్నాడు చూశారా? పంచిపెట్టిన కాగితాలను మళ్లీ తీసుకెళ్లడం ఏమిటని బుద్ధి ఉన్నవాళ్లు అడుగుతారు. నేను బిస్కెట్లు నానకుండా డబ్బాలో సర్దే పనిలో ఉన్నాను.

కాగితాల కట్ట విప్పి చూస్తే నాకు కడుపు మండిపోయింది. ఎంత మంచి కాగితమనుకున్నారు! పెళపెళలాడుతూ, దళసరిగా, మీగడలా తెల్లగా ఉంది. దాని మీద ఒక వైపే అచ్చు. పైన ఒక రోడ్డు బొమ్మ, కింద "ఊరి అభివృద్ధికి మా మద్దతు" అని పెద్ద అక్షరాలు, ఆ కింద అట్టడుగున పురుగులు. తిప్పి చూస్తే వెనకంతా ఖాళీ.

"చూసినవా లచ్చమ్మా, కాలం చెడింది. గింత మంచి కాయితాన్ని ఒక్క దిక్కే అచ్చేసి పారేస్తున్రు" అన్నాను.

"వాళ్లకు ఉన్నది, పారేస్తున్రు. మనకేంది వదినా?"

"మనకా? మనం పారెయ్యం."

అదిగో, ఆ మాట అన్న నోటిని ఆ రోజే ఎవరైనా కుట్టేసి ఉంటే గుట్ట మిగిలేది. మిల్లు వద్దని ఊరి ఆడవాళ్లందరి చేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించి సభకు ముందే ఆఫీసులో ఇవ్వాలని మేము అప్పటికే అనుకున్నాం. అందుకు కాగితాలు కొనాలి. ఇప్పుడు కాగితాలు కారెక్కి వచ్చాయి.

లచ్చమ్మ ఎందుకో నసిగింది. "వాళ్ల కాయితం వదినా. మన మాట దాని మీద రాస్తే మంచిగుంటదా?"

"ఏమైతది? ముందట వాళ్ల మాట, ఎనక మన మాట. సారు అటు తిప్పి ఇటు తిప్పి చూస్తడు, ఏది న్యాయమో ఆయనకే తెలుస్తది. ఒక్కటే కాయితం మీద రెండు మాటలుంటే సారుకు గూడ సుళువు."

చూశారా నా తెలివి! వాదీ ప్రతివాదీ ఇద్దరినీ ఒకే చాప మీద పడుకోబెట్టాను, పొద్దున లేచి జడ్జిగారు చూసుకుంటాడని.

మొదటి కాగితం వెనక నేనే రాశాను. "అయ్యా, మా ఊరి గుట్ట కాడ కంకర మిల్లు వద్దు. దూరం తగ్గించవద్దు. బాయి ఎండుతది. ఇట్లు ఊరి ఆడవాళ్లం." ఆ మూడు ముక్కలు రాసేసరికి చెయ్యి తిమ్మిరెక్కింది, పెన్నులో రీఫిల్ సగానికి దిగింది. ఇలా ప్రతి కాగితం మీదా రాస్తూ పోతే పెన్ను రెండు రీఫిళ్లు తాగేస్తుంది. అందుకని మిగతా కాగితాల మీద ఏమీ రాయకుండా పేర్లు, వేలిముద్రలు మాత్రమే పెట్టించాను. మొదటి కాగితంలో విషయం ఉంది కదా, రైలుకు ఇంజను ఒకటి చాలదా అనుకున్నాను. ఇంజను విడిపోతే డబ్బాలు ఎటు పోతాయో అప్పుడు ఆలోచించలేదు.

స్టాంపు ప్యాడు కూడా కొనలేదు. పెనం అడుగు మసి గీకి, ఆముదంలో కలిపి చిప్పలో పోశాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వేలు ముంచి పెట్టిపోయారు.

"పెద్దమ్మా, ఇది ముద్రా, కాటుక బొట్టా?" అని ఒకామె.

"బొట్టే అనుకో. మిల్లోడికి దిష్టి తగలాలె" అని నేను.

"ఆముదం కాయితంలకు దిగుతున్నది పెద్దమ్మా. ఆ దిక్కు అక్షరాలు ఈ దిక్కు కనపడ్తున్నయ్."

"కనపడితే ఏమాయె? నీ ఏలు నీది గాదా?"

అందరికంటే చివర లచ్చమ్మ పెట్టింది. వేలు ముంచి, కాగితం మీద పెట్టి, తీయకుండా అలాగే ఒత్తిపట్టుకుంది. "గట్టిగ పడాలె వదినా. నా బాయి గదా" అంది. ఆ ముద్ర మిగతా అన్నింటి కంటే నల్లగా పడింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మండలానికి పోయాను. ఆఫీసులో కాగితాలు తీసుకునే బల్ల దగ్గర ఒక మేడం ఉంది. పని చేసీ చేసీ ముఖం నీళ్లు పోయని నారుమడిలా ఉంది పాపం. కట్ట ఆమె చేతికిచ్చి, "రసీదు కావాలె బిడ్డా. రసీదు లేంది నేను మా ఇంట్ల బియ్యం గూడ కొలిచియ్య" అన్నాను.

"రసీదులుండవమ్మా. ఒక జిరాక్స్ తీసుకురా, దాని మీద స్టాంపు కొట్టిస్తా. ఒరిజినల్ మా దగ్గరుంటది."

"జిరాక్సా? ఏడ తియ్యాలె?"

"రోడ్డు మీద దుకాణముంది."

"ఒక్క స్టాంపుకు మళ్ల ఇంకో కాయితమా? ఇన్ని కాయితాలున్నయ్ గదా, దీంట్లదే ఒకదాని మీద కొట్టియ్యి."

"అట్ల ఇస్తే ఆ కాగితం నీ దగ్గరికి పోతదమ్మా, మా దగ్గరుండదు."

"ఒక్కటే గదా బిడ్డా. మీకు ఇంకా శానా ఉన్నయ్."

ఆమె నా వైపు ఒకసారి చూసింది. నా వెనక పెన్షన్ల వాళ్లు, పట్టా పాసుపుస్తకాల వాళ్లు గేటు దాకా వరుస కట్టారు. ఇంక మాట పెంచకుండా పైన ఉన్న కాగితం మీద టప్పున స్టాంపు కొట్టి నా చేతికిచ్చి, మిగతావి గూట్లో పడేసింది. పైన ఉన్నది ఏది? మొదటిది. నేను చెయ్యి తిమ్మిరెక్కేలా రాసినది. ఇంజను నా చేతికొచ్చింది, డబ్బాలు సర్కారు గూట్లోకి పోయాయి. గోరంత దీపం కొండంత వెలుగంటారు. గోరంత పొదుపు గుట్టంత ముప్పు అని ఎవరూ అనలేదు. నా తరువాత అంటారు.

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బాలో దాచాను. జిరాక్స్ లేకుండా రసీదు సాధించానని రెండు రోజులు ఊరంతా చెప్పుకుని తిరిగాను. వారానికి ప్రసాద్ మనుషులు కాగితాల కోసం వస్తే, ఆఫీసులో ఇచ్చేశామని వాళ్లకూ గొప్పగా చెప్పాను.

సభ రోజు వచ్చింది. మండలంలో షామియానా వేశారు. వేదిక మీద పట్నం నుంచి వచ్చిన పెద్ద సారు, పక్కన ప్రసాద్, చుట్టూ కెమెరాలు. ముందు వరుసల్లో పచ్చ టోపీలు పెట్టుకున్న మనుషులు నిండుగా కూర్చున్నారు. వాళ్లది ఏ ఊరో మాకు తెలియదు, వాళ్లకు మా గుట్ట ఏ దిక్కున ఉందో తెలియదు. సారు ఏది చెప్పినా చప్పట్లు కొడుతున్నారు. మైకు గర్రుమన్నా కొట్టారు. మేము వెనక వరుసలో ఎండలో కూర్చున్నాం.

పెద్ద సారు కళ్లజోడు పైకి తోసుకుని చదవడం మొదలుపెట్టాడు. "దూరపు నిబంధన సడలింపు పట్ల సానుకూలతను వ్యక్తపరుస్తూ..." అని, తరువాత మా ఊరి పేరు చెప్పి, "...మహిళల నుండి పెద్ద సంఖ్యలో సంతకములు అందినవి" అన్నాడు.

మా ఊరి పేరు మైకులో వినగానే నాకు ఒళ్లు పులకరించింది. లచ్చమ్మ నా మోచెయ్యి గుంజి, "సానుకూలత అంటే ఏంది వదినా?" అంది.

మూడో తరగతి చదివినదాన్ని కదా, చెప్పకపోతే ఎలా? "కూలం ముందట ఏదన్న తగిలిస్తే మాట తిరగబడతది. ప్రతికూలమంటే వద్దని. సానుకూలమంటే దానికన్న గట్టిగ వద్దని."

"అవ్? మంచిగున్నది మరి."

"మంచిగుండుడేంది? మన మాట పట్నం సారు నోట్లకెల్లి వచ్చింది!" అని నేను లేచి నిలబడ్డాను. ఊరుకున్నానా? చెయ్యి పైకెత్తి, షామియానా కర్రలు కదిలేలా అరిచాను. "మాయే సారూ! ఆ సంతకాలు మాయే! నేనే తిరిగి తిరిగి పెట్టించిన!"

కెమెరాలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. పచ్చ టోపీలు చప్పట్లు కొట్టాయి. ప్రసాద్ ముఖం పండగ పూట గడపలా వెలిగిపోయింది. "రండమ్మా, రండి, పైకి రండి" అంటూ దిగి వచ్చి, చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించి, భుజాల మీద శాలువా కప్పాడు. మంచి శాలువా. జరీ అంచు. అప్పటికప్పుడు వేళ్లతో నలిపి చూసుకున్నాను కూడా, ఉతికితే రంగు పోతుందా పోదా అని. నా మీద నాకు అసహ్యం వేసే ముక్క ఏదైనా ఉందంటే ఇదే. కింద నా ఆడబిడ్డ బావి పోతుంటే పైన నేను బట్ట నాణ్యం చూసుకుంటున్నాను.

"మీ సంతకాలు చాలా ఉపయోగపడ్డాయమ్మా" అన్నాడు ప్రసాద్ నా చెవిలో. "మా ఫైల్లో రైతుల కాలమ్ నిండింది, కార్మికుల కాలమ్ నిండింది, యువత కాలమ్ నిండింది. మహిళల కాలమ్ ఒక్కటే ఖాళీగా ఉండిపోయింది. మీరు నింపారు."

"ఏం నింపిన సారూ? మేం వద్దన్నం గదా!"

"వద్దనలేదమ్మా. మద్దతు ఇచ్చారు."

"ఎవలిచ్చిన్రు? ఏడిచ్చిన్రు?"

ఆయన సారు ముందున్న ఫైల్లోంచి ఒక కాగితం తీసి, అడుగున పాకుతున్న పురుగుల మీద వేలు పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చదివాడు. "ఈ క్రింద సంతకము చేసిన మేము, దూరపు నిబంధనను సడలించవలసిందిగా ప్రభుత్వమును కోరుచున్నాము. సంతకములు వెనుక పేజీలో." చదివి కాగితం తిప్పాడు. వెనుక పేజీలో మా ఊరి ఆడవాళ్ల వేళ్లు. అన్నింటి కంటే నల్లగా లచ్చమ్మ వేలు. ఆముదం దిగిన చోటల్లా అటువైపు నుంచి మద్దతు అన్న మాట మెరుస్తోంది.

పెద్ద సారు దగ్గరికి పోయి, "సారూ, అవి వద్దని పెట్టిన ముద్రలు! నా మాటినుండ్రి సారూ!" అన్నాను.

"వద్దని ఎక్కడ రాసుందమ్మా?"

"మొదటి కాయితంల రాసిన సారూ, పెద్ద అక్షరాలల్ల రాసిన."

ఆయన పాపం మర్యాద గల మనిషే. కట్టంతా తిరగేసి చూశాడు. "లేదే. ఎక్కడుంది ఆ మొదటి కాగితం?"

"ఇంట్ల ఉన్నది సారూ. బియ్యం డబ్బాల."

"బియ్యం డబ్బాలో ఎందుకు పెట్టారు?"

"రసీదు గదా సారూ. ఎలుకలు కొడతయని."

పచ్చ టోపీలు మళ్లీ చప్పట్లు కొట్టాయి. వాళ్లకు ఏది విన్నా అంతే. వెనక వరుసలో మా ఆడవాళ్లు మాత్రం చేతులు కదపలేదు. లచ్చమ్మ నన్ను కాదు, నా భుజాల మీది శాలువాను చూస్తోంది.

ఊరికి తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాటలు మీరే ఊహించుకోండి. "పెద్దమ్మా, శాలువా ఒక దిక్కే కప్పుకున్నవేంది, ఎనక దిక్కు వేస్టు గాదా?" అని ఒకామె. "పెద్దమ్మ సంతకం అడిగితే ఇగ నుంచి ఏలు కొరికేసుకుంట" అని ఇంకొకామె. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. లచ్చమ్మ నా పక్క సీటు ఖాళీగా వదిలి ముందుకు పోయి కూర్చుంది.

మర్నాడు తెల్లవారగానే బియ్యం డబ్బాలోంచి ఆ కాగితం తీసి, బియ్యపు పిండి దులిపి, మళ్లీ ఆఫీసుకు పోయాను. ఈసారి రెండు జిరాక్సులు తీయించాను. అవును, నేనే. మేడం ముందు పెట్టి, "బిడ్డా, ఇది ఆ కట్టకు కలుపు. ఇదే దాని తలకాయ" అన్నాను.

ఆమె చదివింది. చాలాసేపు చదివింది. "కట్ట నిన్ననే పట్నం పోయిందమ్మా. వాళ్ల కారులోనే."

"మరి ఎనకకు తెప్పించుండ్రి. లేదంటే మంచి తెల్లకాయితాల మీద మళ్ల పెట్టించుకొస్త, ఊరు ఊరంత వస్తరు. తప్పు నాది. నేను కొత్త కాయితాలు కొనివుంటే మా మాట నిలబడేది గదా బిడ్డా?"

ఆమె బీరువా పైకి చూసింది. అక్కడ దారంతో కట్టిన కాగితాల మూట ఒకటి దుమ్ము పట్టి ఉంది.

"అవేంది?"

"మీ చుట్టుపక్కల ఊర్లవి. అన్నీ తెల్లకాగితాలే. అన్నిటి మీదా మిల్లు వద్దనే ఉంది. తప్పులేకుండా రాసిన్రు, జిరాక్సులు పెట్టిన్రు, స్టాంపులు వేయించుకున్నరు."

"మరి అవి పోలేదా పట్నం?"

ఆమె గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, వద్దన్న కాయితాన్ని కారెక్కించేటోళ్లు ఎవరున్నరు? మీది పోయింది. ఎందుకు పోయింది? వాళ్ల కాయితం గనక పోయింది. మీ ఊరి ఆడోళ్ల ఏళ్లు ఒక్కటే సర్కారు ఫైలు దాకా పోయినయ్."

ఈ మాటకు నేను ఏడవాలో నవ్వాలో మీరు చెప్పండి. నా బుద్ధి తక్కువ వల్ల మాట పోయిందని తల బాదుకుంటూ వచ్చాను. బుద్ధిగా చేసినవాళ్ల మాట బీరువా ఎక్కి కూర్చుంది. ఒకరకంగా చూస్తే జిల్లాలో అందరికంటే దూరం నడిచిన అర్జీ నాదే, దారే తప్పింది. ఆమె నా జిరాక్సు తీసుకుని స్టాంపు కొట్టి, మూట మీద పెట్టింది. ఇంకేం చేయగలదు? ఆమె చేతిలో ఉన్నది స్టాంపే.

నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. దూరం సగమైంది. ప్రజల కోరిక మేరకు అని అందులో రాశారట. మహిళలతో సహా అని ప్రత్యేకంగా రాశారట. ఆ ఎండాకాలానికే గుట్ట మీద మొదటి పేలుడు వినిపించింది, గిన్నెలు గూట్లోంచి దూకాయి. రెండో ఎండాకాలానికి లచ్చమ్మ బావిలో బొక్కెన వేస్తే రాయి తగిలిన చప్పుడొచ్చింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు పెద్దలు. ఒట్టి మాట. నేను తీసిన గోతిలో మా ఆడబిడ్డ బావి పడింది, నేను గట్టు మీద శాలువా కప్పుకుని నిలబడ్డాను.

ఇప్పుడు లచ్చమ్మ ఆ మిల్లులోనే కూలికి పోతోంది. పనేమిటో తెలుసా? రాతిపొడి లేవకుండా దాని మీద నీళ్లు చల్లడం. నీళ్లు ట్యాంకరులో వస్తాయి. పొద్దుగూకులూ పైపు పట్టుకుని పొడి మీద చల్లుతుంది, ఇంటికి తెల్లటి జుట్టుతో వస్తుంది. అది వయసు తెలుపు కాదు.

ఒక రోజు నేనే ఆమె గడపలో కూర్చుని, "లచ్చమ్మా, తప్పయింది. ఇగ జన్మల గిట్ల చెయ్య. ఒట్టు" అన్నాను.

ఆమె కాళ్లు కడుక్కుంటూ తల ఎత్తలేదు. "నోటి ఒట్టు నాకెందుకు వదినా? కాయితం మీద రాసియ్యి."

దుకాణానికి పోయి కొత్త తెల్ల కాగితం కొన్నాను. కోమటాయన నన్ను, కాగితాన్ని మార్చి మార్చి చూసి, "ఇంట్ల అందరు బాగేనా పెద్దమ్మా?" అని అడిగాడు. దాని మీద నా చేత్తో, ఒక్కో అక్షరం గురిగింజంత చేసి, ఇలా రాశాను.

"పొదుపు సత్తెమ్మ అను నేను, పై దేవుడి మీదా కింద గుట్ట మీదా, అంటే మిగిలిన గుట్ట మీదా, ప్రమాణం చేసి చెప్పునది. ఇకపై పరాయి కాగితం వెనక ఎవరి వేలూ పెట్టించను. పురుగుల్లాంటి అక్షరాలను పురుగులని వదిలేయను. ఇంజను కాగితాన్ని బియ్యంలో దాచను. మైకులో ఊరి పేరు వినగానే లేచి నిలబడను. తెలియని మాటకు అర్థం చెప్పను. శాలువా కప్పితే బట్ట నలిపి చూడను."

లచ్చమ్మకు చదువు రాదు. కాగితం తీసుకుంది, రాసిన వైపు అసలు చూడనేలేదు. తిప్పి వెనకవైపు దీపం దగ్గర పెట్టి, అంచుల దాకా వేలితో తడిమి చూసింది.

"ఈ దిక్కు ఖాళీగున్నది వదినా" అంది.

"అవ్. ఖాళీయే."

"ఎవలన్న ఏమన్న రాస్తరు. అడ్డగీత కొట్టు."

కొట్టాను. ఈ మూల నుంచి ఆ మూల దాకా, రీఫిల్ వంక చూడకుండా.